నల్లదారం కట్టిన గోలీలు

మా అత్తమ్మకు చదువు రాదు. అయినా కోరుట్లలో మా వంటగదిలో, పప్పుల డబ్బాల వెనక ఉండే పాలపొడి డబ్బాలో ఏ గోలీ ఏ రోగానికో ఆమెకు తెలిసినంత బాగా మందుల షాపాయనకు కూడా తెలియదని మా గల్లీ అంతా నమ్మేది. మా ఆయన మస్కట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన డబ్బా అది. పాలపొడి రెండు నెలల్లో అయిపోయింది. డబ్బా మాత్రం పదమూడేళ్లుగా అదే చోట ఉంది. మూత తుప్పు పట్టి, తీసినప్పుడల్లా గీరుకున్న చప్పుడు చేస్తుంది.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్నే బస్సెక్కి పోతాను. సాయంత్రం బస్సు దొరక్కపోతే షేరింగ్ ఆటోలో ముగ్గురు కూర్చునే చోట ఐదోదానిగా ఇరుక్కుని వస్తాను. రక్తం తీయడం, మూత్రం పరీక్ష చేయడం, వాటిలోని క్రిములను ప్లేటు మీద పెంచి ఏ మందుకు చస్తాయో చూడటం నా పని. ఇన్నేళ్లలో నా నోటి తిట్లన్నీ గోలీలు మధ్యలో ఆపేసిన వాళ్లకే పడ్డాయి. “రెండు మింగి తగ్గిందని మానేస్తె ఎట్ల? సావకుండ మిగిలినయి ముదిరి కూసుంటయి” అని ఎంతమందిని కసిరానో లెక్కలేదు. ఇంటికొచ్చి ఆ డబ్బాకు సాయం పట్టిందీ నేనే. ముందు ఆ సంగతి చెప్పాలి.

మస్కట్‌లో మా ఆయన ఉండే క్యాంపులో కంపెనీ డాక్టరు గోలీలు ఊరికే ఇస్తాడు. ఈయనకు జ్వరమో దగ్గో వస్తే డాక్టరు వారానికి సరిపడా క్రిములను చంపే గోలీలు రాసిస్తాడు. ఈయన రెండు రోజులు మింగుతాడు, కాస్త నెమ్మదించగానే మిగతావి పెట్టెలో దాస్తాడు, అమ్మకు పనికొస్తాయని. సెలవు మీద వచ్చేటప్పుడు సబ్బులు, అత్తరు, దుప్పట్లతో పాటు అవీ వస్తాయి. మా ఒక్క ఇంట్లోనే కాదు. మా గల్లీలో గల్ఫ్‌లో మనిషి లేని ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరింటికి పెట్టె వచ్చినా అందులో ఇన్ని గోలీలు ఉండాల్సిందే. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, మన షాపులో దొరికే మందే అయినా సముద్రం దాటి వస్తే దానికి బలం ఎక్కువని మావాళ్ల నమ్మకం.

పెళ్లైన కొత్తలో ఒకరోజు అత్తమ్మ ఆ డబ్బా తెచ్చి నా ఒళ్లో బోర్లించింది. “నువ్వు సదువుకున్నదానివి బిడ్డ. ఏ గోలి దేనికో నాకు గుర్తుండేటట్టు చెయ్యి” అంది. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను వంకాయ కూర కూడా సరిగా వండరాని కోడలిని. మొదటిసారి నాకొక విలువ దొరికింది. తరువాత సిరిసిల్లలో మా అమ్మగారింటికి పోయినప్పుడు, నాన్న నడిపే సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, కండెలకు మిగిలిన రంగు దారాలు ఇన్ని ఏరుకొచ్చాను. జ్వరానికి ఎర్రదారం, దగ్గుకు పచ్చదారం, విరేచనాలకు నీలిదారం, ఒంటికి, అంటే మూత్రానికి, పోతే వచ్చే మంటకు పసుపుదారం. ఒక్కో గోలీల అట్టకు ఒక్కో దారం చుట్టి ముడి వేశాను. అత్తమ్మ ఒకసారి చూసి నోటికి అప్పజెప్పింది, మళ్లీ ఎప్పుడూ తప్పలేదు. ఆ వారమంతా ఇంటికి వచ్చిన ఆడవాళ్లందరికీ “మా కోడలు చేసింది” అని డబ్బా తెరిచి చూపించింది. నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.

ఆ డబ్బాకు ఒక నియమం ఉండేది. ఎవరూ చెప్పలేదు, అందరూ పాటించేవాళ్లు. నొప్పి తగ్గేదాకానే మింగాలి, మిగతాది మళ్లీ డబ్బాలో వేయాలి. అన్నం మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తినే మనిషి, తగ్గిన రోగానికి గోలీ మింగుతుందా? “తక్కువైనంక గూడ మింగుడేంది, పైసలు లేని గోలీ అని పాడుజేస్తమా? రేపు ఎవ్వలికన్న అక్కెరకస్తది” అనేది. పక్కింటి చిన్నమ్మ మనవడికి దగ్గొస్తే రెండు పచ్చదారం గోలీలు. ఎదురింటి ముసలాయనకు జ్వరమొస్తే రెండు ఎర్రవి. వాళ్లింటికి పెట్టె వచ్చినప్పుడు వాళ్లూ తెచ్చి డబ్బాలో పోసేవాళ్లు. అక్కడ కొడుకు సగం మింగి తల్లికి దాచాడు, ఇక్కడ తల్లి సగం మింగి ఊరికి దాచింది. మా ఇళ్లల్లో ప్రేమ అంటే అదే మరి. తనకు తక్కువ చేసుకుని పక్కవాళ్లకు మిగల్చడం.

అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది పసుపుదారం. అత్తమ్మ బీడీలు చేసేది. పొద్దున ఏడింటికి చేట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుంటే మధ్యాహ్నం దాకా లేవదు. లేస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే కార్ఖానాకు ఇవ్వాల్సినవి తక్కువ పడతాయి. ఒంటికి లేవకుండా ఉండాలంటే నీళ్లు తాగకూడదు. మా గల్లీలో బీడీలు చేసే ఆడవాళ్లందరిదీ అదే తీరు. చెంబెడు నీళ్లు పక్కన పెట్టి తాగమని పోరితే “నువ్వు బస్సెక్కిపోతవు, నన్ను లేసుడు కూసునుడు చెయ్యమంటవు” అని నవ్వి, నీళ్లు మొక్కకు పోసేది. రెండు నెలలకోసారి మంట. రెండు గోలీలు, మర్నాటికి నెమ్మది. నేను చూస్తూనే ఉన్నాను. కొన్నిసార్లు ల్యాబ్ నుంచి ఫోన్లో “పసుపుది వేసుకో అత్తమ్మా” అన్నది కూడా నేనే.

నాకు తెలియక కాదు. తెలియనివాళ్లను దేవుడైనా క్షమిస్తాడేమో. మా ప్లేటు మీద లేత పసుపు రంగు జెల్లీ ఉంటుంది. దాని మీద క్రిములను పరిచి, గుండీలంత కాగితం బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మందు పనిచేస్తే మర్నాటికి ఆ బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది, అంతమేర క్రిములు చచ్చాయన్నమాట. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ ఖాళీలు చేతి గాజులంత ఉండేవి. ఏటికేడు కుదించుకుపోతూ వచ్చాయి. ఏ కొత్త ప్లేటు తెరిచినా మా ఇంటి డబ్బా గుర్తొచ్చేది. ఒకటి రెండుసార్లు తీసి పారేద్దామనుకున్నాను. కానీ ఆ డబ్బా లేకపోతే ఆ ఇంట్లో అత్తమ్మకు ఏం పెద్దరికం మిగులుతుంది, నాకు ఏం మర్యాద మిగులుతుంది అని వెనక్కి తగ్గాను. అంతే, ఇంకే కారణమూ లేదు.

నిరుడు ఎండాకాలం పసుపుదారానికి మంట తగ్గలేదు. అప్పుడు భయపడి జగిత్యాల తీసుకుపోయి మూత్రం ప్లేటు మీద నేనే పెట్టాను. చాలా బిళ్లలు పనిచేయలేదు. ఒక మందు మాత్రం బాగా పనిచేసింది. మా ఆసుపత్రి డాక్టరమ్మ ఏడు రోజులకు పద్నాలుగు గోలీలు రాసింది. “గీటిని డబ్బల ఏస్తె నీతోని మాట్లాడ” అని అత్తమ్మకు ఒట్టు పెట్టించుకున్నాను. మూడు రోజులు దగ్గరుండి మింగించాను. నాలుగో రోజు నుంచి ల్యాబ్‌లో పని ఎక్కువైంది. పోతూ పోతూ గడపలోంచి “ఏసుకున్నవా?” అంటే “ఏసుకున్న పో బిడ్డ, బస్సు పోతది” అనేది. మంట తగ్గింది. వారం తరువాత ఖాళీ అట్ట ఎక్కడని నేను అడగలేదు.

ఈ ఏడు వానలు వెనకపట్టాక నాన్న కంటి ఆపరేషన్ కోసం రెండు రోజులు సిరిసిల్ల పోయాను. రెండో రోజు పొద్దున పక్కింటి చిన్నమ్మ ఫోన్ చేసింది. “మీ అత్తకు సలిజరం వచ్చి వణుకుతాంది. నిన్నటి సంది ఎర్రగోలి ఏసింది, పసుపుగోలి ఏసింది. ఆరెంపీ డాక్టరు వచ్చి రెండు సూదులిచ్చిండు. నీకు చెప్పద్దన్నది. నాకు బుగులు వెడుతున్నది, జల్ది రా” అంది. బస్సు చందుర్తి, రుద్రంగి దాటేదాకా కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, ఏం కాదు మామూలు జ్వరమే అని నాకు నేనే వంద సార్లు చెప్పుకున్నాను. ఇంట్లో కాలు పెట్టి ఆమె చెయ్యి పట్టుకోగానే తెలిసిపోయింది. చెయ్యి చల్లగా ఉంది, ఒళ్లు మాత్రం కాలిపోతోంది. ఊపిరి పొట్టిగా తీస్తోంది. నన్ను చూసి “అప్పుడే వచ్చినవేంది, మీ నాయిన కన్ను ఎట్లున్నది?” అని అడిగింది.

జగిత్యాలలో మా ఆసుపత్రిలోనే చేర్పించాను. మూత్రంలోని క్రిమి రక్తంలోకి ఎక్కిందని డాక్టరమ్మ అనుమానం. రక్తం నేనే తీస్తానన్నాను. ఇరవై ఏళ్లు చేటలో ఆకు మడిచిన చెయ్యి అది, వేళ్ల చివర్లు గట్టిపడి గీతలు కూడా అరిగిపోయాయి. నరం దొరకడానికి నాలుగుసార్లు తడిమాను. రెండు సీసాల్లోకి రక్తం ఎక్కించి పేరు రాస్తుంటే నా రాత నాకే వంకరగా కనిపించింది. “నొప్పి తెల్వనే తెల్వలే బిడ్డ. అందుకే నిన్ను నలుగురు మెచ్చుకుంటరు” అంది.

మర్నాటికే సీసా మబ్బు పట్టింది. క్రిమి పెరిగిందని అర్థం. దాన్ని ప్లేటు మీద పరిచి, మా దగ్గరున్న బిళ్లలన్నీ పెట్టాను. నా చేతులు ఆ పని ఎంత మామూలుగా చేశాయో, చూస్తే ఎవరికైనా మా అత్తమ్మ రక్తమని తెలియదు.

ఆ తెల్లారి అందరికంటే ముందే ల్యాబ్‌కు పోయి, క్రిములను పెంచే వెచ్చటి పెట్టె తెరిచాను. ప్లేటు బయటికి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. ఖాళీ ఎక్కడా లేదు. బిళ్లల అంచుల దాకా క్రిములు చిక్కగా పెరిగి ఉన్నాయి. ఎర్రదారం గోలీల మందు, పసుపుదారం గోలీల మందు, నిరుడు అంత బాగా పనిచేసిన మందు, వేటి చుట్టూ ఏమీ లేదు. ఒక మూలన ఒకే ఒక బిళ్ల చుట్టూ సన్నగా, గోరంత వెడల్పున ఖాళీ ఉంది. తప్పు చూశానేమోనని స్కేలు పెట్టి మళ్లీ కొలిచాను. తరువాత ఆ నేల మీదే కూర్చుని ఏడ్చాను. ఇదివరకు ఇలాంటి ప్లేటు వేరేవాళ్లది చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు, రిపోర్టు టైపు చేసి చాయ్ తాగడానికి పోయాను. అది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు తీసింది. “ఉన్నది ఈ ఒక్క ఇంజెక్షనే. కానీ ఆమె కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్నాయి. ఇది వాటికి మంచిది కాదు. వేరే దారి కూడా లేదు కదమ్మా” అంది. అది నాకు తెలుసు. ఆ రిపోర్టు కింద సంతకం నాదే.

ఆ ఇంజెక్షన్ ఎక్కుతుంటే అత్తమ్మ కళ్లు తెరిచి సీసా వైపు చూసింది. “గీ మందుకు ఏ దారం బిడ్డ?” అని అడిగింది.

ఏదో ఒకటి చెప్పాలని “తెల్లది” అన్నాను.

“తెల్లదా. మన డబ్బల లేదు” అంది. సీసా వైపే చూస్తూ, “నల్లదారం కట్టినయి ఉన్నయి గదా. అవ్వి తెమ్మంటె తగ్గునేమో” అంది. నేను ఎప్పుడూ నల్లదారం కట్టలేదు. జ్వరంలో కలవరిస్తోందనుకుని తల నిమిరాను. ఆమె మళ్లీ తనే “అద్దు, అద్దులే. అవ్వి ఉండనియ్యి. ముట్టకుండ్రి” అని అటు తిరిగి పడుకుంది. ఆమె నాతో తెలివిలో ఉండి మాట్లాడిన చివరి మాటలు అవే.

మర్నాడు మధ్యాహ్నం బీపీ పడిపోయింది. ఎన్ని మందులు ఎక్కించినా నిలబడలేదు. సాయంత్రం అయిదింటికి, జగిత్యాల నుంచి కోరుట్లకు నేను రోజూ బస్సెక్కే వేళకు అత్తమ్మ పోయింది. డబ్బా అలవాటు తెలిసిన పక్కింటి చిన్నమ్మ ఆసుపత్రి వరండాలో నా రెండు చేతులూ పట్టుకుని “అన్ని గోలీలున్న ఇంట్ల గిట్ల జరిగిందేంది బిడ్డ?” అని ఏడ్చింది. అన్ని గోలీలు ఉండటం వల్లే జరిగిందని ఆమెకు ఏమని చెప్పను? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆమెతో కలిసి నేనూ ఏడ్చాను.

మా ఆయన మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. అప్పటిదాకా ఐస్ పెట్టెలో ఉంచాం. తల్లి కాళ్ల మీద పడి ఏడ్చి, ఏడ్చి, అన్నీ అయ్యాక సాయంత్రం స్నానం చేసి వచ్చి బ్యాగు తెరిచాడు. చిన్న కవరు నా చేతిలో పెట్టాడు. అందులో మూడు అట్టల గోలీలు. “పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. మంటకు గోలీలు అయిపోవస్తున్నయట. నీకు చెప్తె కోపం చేస్తవని నన్ను తెమ్మన్నది. క్యాంపుల ముగ్గురి దగ్గర అడిగి జమ జేసిన. ఆలస్యమైంది” అన్నాడు. ఆలస్యమైనందుకు తనను తాను తిట్టుకుంటూ తల బాదుకుంటుంటే, ఆ గోలీలు ముందే వచ్చి ఉన్నా ఏమీ అయ్యేది కాదని చెప్పాలని నోరు తెరిచాను. చెబితే మిగతాదంతా చెప్పాలి. సగం మింగి సగం దాచిన గోలీలన్నీ లెక్క చెప్పాలి. కవరు తీసుకుని లోపల పెట్టాను.

దినాలయ్యాక డ్యూటీకి పోయిన రోజు ఫ్రిజ్‌లో అత్తమ్మ ప్లేటు అలాగే ఉంది. పారేయాల్సిన ప్లేట్లన్నిటినీ ఆవిరి పెట్టెలో పెట్టి ఉడికిస్తాం. పావుగంటలో అందులో ఏ క్రిమీ బతకదు. ఆమె ప్లేటు నేనే పెట్టాను, గడియారం చూస్తూ అక్కడే నిల్చున్నాను. పావుగంట తరువాత తీస్తే జెల్లీ కరిగి నీళ్లయింది. ఇంత తేలికగా చచ్చేదానికి మనిషి ఒంట్లో మందే లేకపోయింది. కోపం ఎవరి మీదో తెలియక మిగతా ప్లేట్లను చెత్తబుట్టలోకి విసిరి కొట్టాను.

ఆ తరువాతి ఆదివారం పక్కింటి చిన్నమ్మ గడపలోకి వచ్చి నిల్చుంది. “పోరనికి జరం వచ్చింది బిడ్డ. డబ్బల ఎర్రది ఒకటి ఉంటె ఇయ్యరాదు” అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్ని జరిగాక కూడానా అని అరవబోయాను. కానీ ఆమెకు ఏం తెలుసు? ఆ ఇంట్లో గోలీ ఇచ్చే మనిషి పోతే ఆ పని కోడలికి వస్తుందనుకుంది, అంతే. ఇవ్వనని చెప్పి, పిల్లవాణ్ని దవాఖానకు తీసుకుపొమ్మన్నాను. ఆమె నొచ్చుకుంది. “మీ అత్త ఉన్నప్పుడు గిట్ల లేదనకపోవు” అంది. ఆ మాటకు తట్టుకోలేక, డబ్బా దించి, ఆమె ముందే మూత తీసి, “ఇగో, అన్ని పారబోస్త. ఇగ గీ ఇంట్ల గోలీలు లేవు” అని చాపమీద కుమ్మరించాను.

ఎర్రవి, పచ్చవి, నీలివి పడ్డాయి. పసుపుది ఒక్కటీ లేదు. అన్నిటికంటే అడుగున ఉన్నది చివర్లో పడింది. పిల్లలకు దిష్టి తగలకుండా మొలకు కట్టే నల్లదారం, మూడు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేసి ఉంది. అట్ట మీద పేరు చదివాను. నిరుడు జగిత్యాలలో డాక్టరమ్మ రాసిన మందు. పద్నాలుగింటిలో ఆరు లేవు, ఎనిమిది ఉన్నాయి. నేను దగ్గరుండి మింగించిన మూడు రోజులవే ఆమె మింగింది.

పక్కింటి చిన్నమ్మ వంగి ఆ అట్టను ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. “గవ్వి ఎవ్వలికియ్యకపోవు మీ అత్త. నేనడిగితె గూడ ఇయ్యలే” అంది. “అవ్వి గట్టి గోలీలట గదా. ‘మా కోడలు దినాం రోగాలోల్ల రక్తంల చేతులు పెడుతది, రేపు దానికేమన్న అంటుకుంటె ఎట్ల? గివ్వి దానికి’ అని నాతోని అన్నది. నీకు చెప్పలేదా?”

మిగతా గోలీలన్నీ కవర్లో మూటగట్టి ల్యాబ్‌కు తీసుకుపోయి పారేశాను. మా ఆయన తెచ్చినవీ పారేశాను. నల్లదారం కట్టినవి మాత్రం ఇంకా ఆ డబ్బాలోనే ఉన్నాయి. అవి ఆమె క్రిమికి పనిచేయవని ప్లేటు మీద నా కళ్లతో చూశాను. ఒకే ఇంట్లో, ఒకే బిందె నీళ్లు తాగి, పదమూడేళ్లు ఒకే కంచుడులో వండుకుని తిన్నాం. ఆమె ఒంట్లో ఉన్న క్రిమి నా ఒంట్లోనూ ఉండి ఉండొచ్చు. నాలుగు రోజులుగా నాకు ఒంటికి పోతే మంట. శాంపిల్ సీసా మీద నా పేరు రాసి బ్యాగులో పెట్టుకున్నాను. రోజూ జగిత్యాల పోతున్నాను, రోజూ దాన్ని ఖాళీగానే తిరిగి తెస్తున్నాను.